దుప్పటికి నాలుగు చెంగులు

నాకు బాప్తిస్మం రెండుసార్లు అయింది. మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు మా అమ్మ ఒళ్లో పెట్టుకుని ఉండగా చిలకరించారు. ఇరవై మూడో ఏట, పెళ్లికి పది రోజుల ముందు, అత్తవారి సంఘం వాళ్లు కాలువలో ముంచారు. ముంచిన రోజు పట్టిన జలుబు పెళ్లినాటికీ తగ్గలేదు. పెళ్లి ఫోటోల్లో నా ముక్కు ఎర్రగా ఉంటుంది. ఇంత చేసినా ఏ సంఘమూ నన్ను పూర్తిగా నమ్మలేదు. చిలకరించే వాళ్లు 'ఆవిడ మునిగింది' అంటారు, ముంచే వాళ్లు 'ఆవిడకి పాత వాసన పోలేదు' అంటారు. ఈ అర్హతతోనే రాజోలు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను.

ఈ మధ్య మా మేనకోడలు అదే ఆసుపత్రిలో చేరింది. వెళ్లే ముందు వచ్చి, అత్తా అక్కడ పని ఎలా ఉంటుంది అని అడిగింది. సూది ఎలా వెయ్యాలో, సెలైన్ ఎలా పెట్టాలో దానికి ట్రైనింగులో నేర్పారు. నేర్పనిది ఒకటుంది. కోనసీమలో మిషన్ ఆసుపత్రి అంటే రోగం ఒకటి, సంఘాలు పది. ఆ పదింటి మధ్యా నిలబడి రోగిని చూసుకోవడమే అసలు ఉద్యోగం. దాని కోసం, దాని ఈడు పిల్లల కోసం ఇది రాస్తున్నాను. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. చదివేటప్పుడు మీకూ వస్తే ఆపుకోకండి.

సంఘాల అసలు పేర్లు రాయను. రాస్తే వచ్చే ఆదివారం మా ఇంటికి నలుగురు పెద్దలు వస్తారు, నలుగురికీ టీ పెట్టాలి. పసిపిల్లల నెత్తిన నీళ్లు చల్లే వాళ్లది చిలకరించే సంఘం. పెద్దయ్యాక నీళ్లలో దింపే వాళ్లది ముంచే సంఘం. ఆడవాళ్లు తలమీద చెంగు తియ్యనిది ముసుగు సంఘం. ఆదివారం మానేసి శనివారం ఆరాధన చేసేది శనివారం సంఘం. మా వార్డులో అందరం ఇలాగే పిలుచుకునేవాళ్లం. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు, ఎదురుగా అంటే తప్ప.

ఆమెన్ రాజుగారు

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఓపీ వరండాలో ప్రార్థన. అది అయితేగాని చీటీలు రాయరు. సిబ్బంది వంతులవారీగా ప్రార్థన చెయ్యాలి, తంటా అంతా అక్కడే. చిలకరించే సంఘం వాళ్లు పుస్తకం చూసి చదువుతారు, మూడు నిమిషాల్లో అయిపోతుంది. ముంచే సంఘం వాళ్లకు పుస్తకం అక్కర్లేదు, ఆత్మ ఆపేదాకా ఆగరు. ఒకరు చప్పట్లు కొడితే ఇంకొకరు కళ్లు తెరిచి చూస్తారు. జ్వరంతో వచ్చిన వాళ్లు గోడకు జారబడి ఎదురుచూస్తూ ఉంటారు.

అక్కడికి సత్తిరాజు గారని మా ఊరి రైతు వచ్చేవారు. అల్లవరం వైపు ఆయనకు రొయ్యల చెరువులు ఉండేవి. నుదుట పెద్ద కుంకుమబొట్టు, కాలికి షుగరు పుండు. రోజూ కట్టు మార్పించుకుని చెరువుల మీదకు పోవాలని ఆయన తొందర. ఒకరోజు ప్రార్థన వంతు మా వార్డు ఆయాది. ఆవిడ కువైట్‌లో ఉన్న వాళ్లను, మస్కట్‌లో ఉన్న వాళ్లను, దారిలో విమానంలో ఉన్న వాళ్లను కూడా పేరుపేరునా తలుచుకుంటోంది. సత్తిరాజు గారు చాలాసేపు ఓర్చుకుని, ఆవిడ ఊపిరి తీసుకునే సందు చూసి నిండు గొంతుతో ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ వరండా అంతా ఆమెన్ అంది. ఆయా కళ్లు తెరిచేసరికి జనం చీటీల దగ్గర వరసలో నిలబడి ఉన్నారు.

ఆ మర్నాటి నుంచి ఎవరి ప్రార్థన సాగుతున్నా రోగులంతా ఆయన వైపు చూడటం మొదలుపెట్టారు. పెద్ద డాక్టరమ్మ ఆయనకు ఆమెన్ రాజుగారని పేరు పెట్టింది. ముంచే సంఘం వాళ్లు కోప్పడ్డారు. చిలకరించే సంఘం వాళ్లు సంతోషించారు, ఒకరోజు ఆ ఆమెన్ తమ ప్రార్థన మీదా పడేదాకా. నేను ఆయన పక్షం. బెడ్‌పాన్ అడిగిన వాళ్లకు ముందు బెడ్‌పాన్ ఇవ్వండి పిల్లలూ. ప్రార్థన కాసేపు ఆగుతుంది, అది ఆగదు.

మంచాలు సర్దిన తెలివి

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఆడవాళ్ల వార్డు నా చేతికి వచ్చిన కొత్తలో అక్కడ రోజూ గొడవే. ఒకావిడ పాట అందుకుంటే పక్క మంచం ఆవిడ రాగం తప్పనేది. ముసుగు సంఘం ఆవిడ ఎదురుగా ముంచే సంఘం ఆవిడ జుట్టు విరబోసుకుంటే అదొక తగువు. వినీ వినీ విసిగి నేనొక గొప్ప ఉపాయం చేశాను. మంచాలు సంఘాల వారీగా వేయించాను. చిలకరించే వాళ్లు ఎడమ వరస, ముసుగు వాళ్లు కుడి వరస, గట్టిగా ప్రార్థించే ముంచే వాళ్లు చివర వరండా పక్కన. హిందువులను మధ్యలో వేశాను, గట్టులా ఉంటారని. వార్డు మూడు రోజులు ప్రశాంతంగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంట్లో కూడా చెప్పుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం వరండా వైపు నుంచి పెద్దగా ప్రార్థన వినిపించింది. దానికి పోటీగా ఎడమ వరస పాట ఎత్తుకుంది. అందరూ భక్తిలో ఉన్నారు కదా అని నేను నా బల్ల దగ్గర కూర్చుని చార్టులు రాసుకుంటున్నాను. మధ్య మంచాల్లోని ఒక హిందూ ముసలావిడ కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. చివరి మంచం ఆవిడ ప్రార్థన చెయ్యట్లేదని, నోరు మాత్రం తెరుస్తోందని చెప్పింది. పరుగెత్తాను. అది ఆయాసం రోగి. పెదాలు నల్లబడుతున్నాయి. చుట్టూ ఆరుగురు చేతులెత్తి ప్రార్థిస్తున్నారు, ఆక్సిజన్ సిలిండరు వార్డుకు ఇటు చివర నా బల్ల పక్కన ఉంది. ఆయాసం రోగిని సిలిండరుకు అంత దూరాన వేసింది నేనే, సంఘం చూసి.

దేవుడి దయ, ఆవిడ బతికింది. డాక్టరమ్మ వచ్చింది. ఆవిడది పాలకొల్లు వైపు. ఏ సంఘమో ముప్పై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు, అడిగితే డ్యూటీ టైములో అడక్కూడదనేది. నన్ను అందరి ముందూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఆయాసానికి సంఘం లేదండీ సిస్టరు గారూ," అంది. "మంచాలు జబ్బుని బట్టి వెయ్యండి."

ఆ సాయంత్రమే మంచాలన్నీ మళ్లీ మార్చాం. లేవలేని రోగిని మంచం మార్చేటప్పుడు ఒంటి కింద దుప్పటి ఉంచి, నాలుగు చెంగులూ నలుగురు పట్టుకుని ఎత్తుతాం. డాక్టరమ్మ కావాలనే నాలుగు సంఘాల నుంచి నలుగురిని పిలిచింది. మొదటిసారి ఎవరికి వారే 'ఒకటి రెండు' అనుకుని ఎత్తారు, రోగి పక్కకు దొర్లింది. అప్పుడు ఆవిడ చెప్పిన మాట, తర్వాత చేరిన ప్రతి కొత్త నర్సుకూ నేను చెప్పాను. లెక్క ఒక్కరే చెప్పాలి. మిగతా ముగ్గురూ తమ లెక్క తమలోనే ఉంచుకోవాలి. ఎత్తు సరిపోయే వాళ్లను ఎదురెదురుగా నిలబెట్టాలి, స్నేహాన్ని బట్టి కాదు.

రాహేలమ్మ గారి రెండు పరలోకాలు

ఇక అసలు సంగతి. నా రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు రాహేలమ్మ గారు మా వార్డుకు వచ్చింది. డెబ్భై ఆరేళ్లు. పెరట్లో జారిపడి తుంటి విరిగింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు దానియేలు వడ్రంగి, పొట్టిగా గట్టిగా ఉంటాడు, చిలకరించే సంఘం. చిన్నవాడు సమూయేలు, పొడగరి, కువైట్ వెళ్లి వచ్చి ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు. వచ్చాక ముంచే సంఘంలో చేరి మునిగాడు. 'మన నాన్న ఇప్పించిన బాప్తిస్మం నీకు చాల్లేదా' అని అన్న అడిగాడు. 'అది బాప్తిస్మమే కాదు' అని తమ్ముడు అన్నాడు. ఆ మాటతో ఇద్దరికీ పదకొండేళ్లు మాటల్లేవు. తల్లి మాత్రం ప్రతి ఆదివారం పొద్దున్న పెద్దవాడి గుడికీ, పదిన్నరకు చిన్నవాడి మందిరానికీ వెళ్లేది. రెండు చోట్లా ఒకే చీర కనిపించకూడదని మధ్యలో ఇంటికెళ్లి చీర మార్చుకునేది.

ఆపరేషన్ చెయ్యాలి. అమలాపురం నుంచి వారానికి రెండు రోజులు వచ్చే ఎముకల డాక్టరు, ఆలస్యం చెయ్యొద్దని, ఈ వయసులో పడుకుని ఉండిపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ప్రాణానికే వస్తుందని చెప్పాడు. కొడుకులిద్దరూ సరేనన్నారు, వేర్వేరుగా వచ్చి. ఒప్పుకోనిది ఆవిడే. నన్ను ముంచితేగాని బల్ల ఎక్కనంది. విరిగిన తుంటితో నీళ్లలో ముంచడమేమిటని నేను కోప్పడ్డాను. పొద్దున్న ఒళ్లు తుడుస్తుంటే నడుము కింద చర్మం ఎర్రబడటం కనిపించింది, పుండు పడబోతోందన్నమాట. కోపం దిగమింగుకుని స్టూలు వేసుకుని పక్కన కూర్చుని, అసలెందుకు ఇంత పట్టు అని మెల్లగా అడిగాను.

"పెద్దోడి పరలోకానికి నాకు చిన్నప్పుడే చీటీ కోసేరు సిస్టరమ్మా," అంది. "చిన్నోడి పరలోకానికి ఇంకా కొయ్యలేదు. రెండూ ఒకటేనో, వేరు వేరో ఎవరూ తేల్చి చెప్పరు. రేపు నేను ఆ బల్ల మీదే పోయేననుకో. చిన్నోడు వాడి దానికెళ్లి నన్ను ఎతుక్కుంటాడు కదమ్మా."

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. దిండు సర్దే వంకతో మొహం తిప్పుకున్నాను. నా రెండు బాప్తిస్మాలు గుర్తొచ్చాయి. నేనైతే పెళ్లి కోసం మునిగాను. ఈవిడ ఇద్దరు కొడుకుల్లో ఎవరినీ వదులుకోలేక మునుగుతానంటోంది.

అయ్యగార్లు అటూ ఇటూ

ఇద్దరు అయ్యగార్లకూ ఫోన్ చేశాను. ఒకరు వస్తున్నారని ఇంకొకరికి చెప్పలేదు. ఇది మోసమే, మళ్లీ అవసరమైతే మళ్లీ చేస్తాను. చిలకరించే సంఘం ఇమ్మానుయేలు అయ్యగారు తాడిచెట్టంత మనిషి, తెల్ల అంగీ, మెల్లగా మాట్లాడతారు. రెండోసారి బాప్తిస్మం తీసుకోవడం తప్పు అని ఆయన కరపత్రం వేసి మలికిపురం సంత దాకా పంచారు. ముంచే సంఘం యేసురత్నం పాస్టరు గారు ఆయన భుజం దాకా వస్తారు, గొంతు మాత్రం రాజోలు దాకా వినిపిస్తుంది. ఆ కరపత్రానికి జవాబుగా ఆయన మైకులో మూడు ఆదివారాలు మాట్లాడారు. ఇద్దరూ మధ్యాహ్నం మూడింటికి రాహేలమ్మ గారి మంచానికి చెరోవైపూ తేలారు. దానియేలు తలుపు దగ్గర, సమూయేలు కిటికీ దగ్గర నిలబడ్డారు.

నేను ఉన్నదంతా చెప్పాను. చీటీల మాట కూడా చెప్పాను. యేసురత్నం గారు ఒక్కసారిగా చల్లబడిపోయారు. మునగని వాళ్లకు ద్వారం తెరుచుకోదని మైకులో చెప్పిన మనిషి ఆయనే. స్టూలు మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మా, ప్రభువు పక్కన సిలువ మీదున్న దొంగ ఏ కాలవలో మునిగేడమ్మా? ఆ రోజే ఆయన పరలోకానికి తీసుకెళ్లేరు కదా. మునక్కపోయినా నీకేం కాదు. ముందు కాలు చేయించుకో."

ఆ దొంగ మాట ఇన్నేళ్లూ చిలకరించే సంఘం వాళ్లది. ఇమ్మానుయేలు అయ్యగారు ఇప్పుడు నెగ్గినట్టే. కాని ఆయన గొంతు సవరించుకున్నారు.

"అలా తేలిగ్గా తీసెయ్యకండి పాస్టరు గారూ. ఆవిడ మనసులో అంత ఆశ ఉన్నప్పుడు ముంచాల్సిందేనండీ."

అక్కర్లేదని ఈయన, తప్పదని ఆయన. ఇద్దరూ పక్షాలు మార్చుకుని పది నిమిషాలు గట్టిగా వాదించుకున్నారు. యేసురత్నం గారు కరపత్రంలోని వాక్యాలు ఒక్కటీ వదలకుండా ఒప్పజెప్పారు, ఎంత శ్రద్ధగా చదివారో అప్పుడు తెలిసింది. ఇమ్మానుయేలు అయ్యగారు కాలువ ఒడ్డున వినిపించే మాటలన్నీ వల్లించారు. మా ఆయా చీర చెంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది. కుట్లు వేసిన రోగులను నవ్వొద్దని నేను బతిమాలాల్సి వచ్చింది.

రాహేలమ్మ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అయితే మీకూ సరిగ్గా తెలీదన్నమాట అంది. చివరికి బేరం ఆవిడే కుదిర్చింది. ముందు ఆపరేషన్. గాయం మానాక ఇద్దరు అయ్యగార్లూ కలిసి ముంచాలి. ఒక్కరు వస్తే ఒప్పుకోదు. మరి ఈలోగా బల్ల మీదే పోతేనో అని అడిగింది. ఇమ్మానుయేలు అయ్యగారు మంచం మీదకు వంగారు.

"అక్కడ చీటీ అడిగితే మా ఇద్దరి పేర్లూ చెప్పమ్మా. మేం వచ్చి మాట్లాడుకుంటాం."

యేసురత్నం గారు "ఆయ్, అంతేనండీ," అన్నారు. మర్నాడు పొద్దున్న ఆవిడ బల్ల ఎక్కింది.

కొబ్బరికాయల రిహార్సల్

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు నెలల్లో ఆవిడ వాకర్ పట్టుకుని వార్డు చివరిదాకా నడిచి చూపించింది, చూపించి మాట నిలబెట్టుకోమంది. నాకు ఈ కథలో అన్నిటికంటే గౌరవం ఇక్కడే. అయ్యగార్లిద్దరూ తప్పించుకోవచ్చు, ఇద్దరికీ సంఘాల్లో అక్షింతలు పడుతున్నాయి కూడా. ఇమ్మానుయేలు అయ్యగారిని పెద్దలు పిలిచి కరపత్రం సంగతేమిటని అడిగారు. ఆయన, ఆ కరపత్రంలో ప్రతి మాటా ఇప్పటికీ నమ్ముతున్నాను, వచ్చే శనివారం మాత్రం ఆసుపత్రిలో రాహేలమ్మ గారితో నాకు పనుంది అన్నారట. యేసురత్నం గారూ తన నమ్మకం అంగుళం మార్చుకోలేదు. నమ్మకాలు తేలికైనవని నేను అనను. వాటి కోసం మా తాతలు ఊళ్లో పనులు పోగొట్టుకున్నారు. నమ్మకం వదలకుండానే చెంగు పట్టుకోవచ్చని మాత్రం వీళ్లిద్దరి దగ్గరే చూశాను.

వేసవి కాబట్టి కాలువలు కట్టేశారు. నీళ్లున్నా రేవు మెట్లు ఆవిడ దిగలేదు. ఎముకల డాక్టరు షరతులు పెట్టాడు. కిందకి కూర్చోకూడదు, ఆ కాలు మడవకూడదు, కాలు మీద కాలు పడకూడదు. అంటే పడుకోబెట్టి, దుప్పటితో దింపి, దుప్పటితో ఎత్తాలి. అంత పెద్ద తొట్టి ఎక్కడిది? కట్టు మార్పించుకుంటున్న సత్తిరాజు గారు విని, రొయ్యపిల్లలను పోసుకునే ఫైబర్ తొట్టి ఉంది, నడుం లోతు, పంపిస్తానన్నారు. మూడుసార్లు కడిగించి పంపారు. అయినా రొయ్యల వాసన పోలేదు.

సమూయేలు ఆ తొట్టిని తన ట్రాలీ ఆటోలో తెచ్చి ఆసుపత్రి వెనక కొబ్బరిచెట్ల నీడలో దింపాడు. నలుగురూ ఒకే ఎత్తులో నిలబడటానికి దానియేలు నాలుగు ఎత్తుపీటలు చేశాడు, ఒక్కొక్కటీ మనిషి పొడుగును బట్టి. అన్నదమ్ముల మధ్య దూరం మూరెడు. 'సిస్టరు గారూ, తొట్టి కాస్త అటు జరపమనండి' అని అన్న నాతో అంటే, 'జరిపేనని చెప్పండి' అని తమ్ముడూ నాతోనే అనేవాడు. రోజంతా వాళ్లిద్దరి మధ్య టెలిఫోనులా పనిచేశాను.

నలుగురి ఎత్తూ చూసి నిలబెట్టాను. తల వైపు పొడగర్లు, ఇమ్మానుయేలు అయ్యగారు, సమూయేలు. కాళ్ల వైపు యేసురత్నం గారు, దానియేలు. ఎవరి అయ్యగారు వాళ్లకు ఎదురుగా రాలేదని నలుగురూ గొణిగారు. ఎత్తు అంతే, నేనేం చెయ్యను అన్నాను. రాహేలమ్మ గారి బరువుకు సరిపడా కొబ్బరికాయలు దుప్పటి మీద పోసి ఎత్తమన్నాను.

ముందు లెక్క దగ్గర పేచీ వచ్చింది. లెక్క నేను చెబుతానన్నాను. బాప్తిస్మపు మాటలు నేను చెప్పాలి కదండీ అని యేసురత్నం గారు. ఆ మాటలూ మూడే, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. సరే, అదే లెక్క చేసుకుందాం అన్నాను. మొదటి మాటకు ఎత్తాలి, రెండో మాటకు తొట్టి మీదకు తేవాలి, మూడో మాటకు దింపాలి. ఇమ్మానుయేలు అయ్యగారు కాసేపు ఆలోచించి, నేను చిలకరించేటప్పుడూ ఇవే మూడు మాటలు అంటానండీ అన్నారు. యేసురత్నం గారు ఆయన వైపు కొత్తగా చూశారు.

ఎత్తారు. చక్కగా లేచింది. తొట్టి మీదకు చక్కగా వచ్చింది. ఆ చక్కదనానికి పరవశించి యేసురత్నం గారు హల్లెలూయ అంటూ రెండు చేతులూ పైకెత్తారు. ఆయన అలవాటు అది, ముప్పై ఏళ్ల అలవాటు. ఆయన చెంగు జారింది. కొబ్బరికాయలు దొర్లి ఒకటి దానియేలు బొటనవేలి మీద పడింది, రెండు మా ఆయా వెంటపడ్డాయి, మిగతావి తొట్టిలో మునిగి తేలాయి. రొయ్యల వాసన నీళ్లు అందరి మొహాల మీదా చిందాయి. నవ్వలేక కింద కూర్చుండిపోయాం. చివరికి నేను లేచి, రోగి పొడి మంచం ఎక్కేదాకా ఎవరూ హల్లెలూయ అనకూడదని ఉత్తర్వు వేశాను. యేసురత్నం గారు తలవంచుకుని ఆయ్ అన్నారు.

తొట్టి

శనివారం పొద్దున్న పదింటికి పెట్టుకున్నాం. శనివారం సంఘం వాళ్లు ఆ రోజు పని ముట్టరు. అందుకని శుక్రవారమే వచ్చి నీళ్లు మోసి డ్రములన్నీ నింపి వెళ్లారు. పక్క కాన్వెంటు సిస్టరు మా వంటింట్లో అన్నం గుండిగల్లో నీళ్లు కాచింది. మధ్యమధ్య జపమాల తిప్పుకుంటూ మోచేయి ముంచి వేడి చూసింది. ముసుగు సంఘం ఆడవాళ్లు చుట్టూ చీరలు పట్టుకుని మరుగు కట్టారు. ఈ బాప్తిస్మాన్ని వాళ్ల సంఘమూ ఒప్పుకోదు. అందుకే చూడకుండా తల అటు తిప్పుకుని పట్టుకున్నారు, ఒక్కొక్కరు ఒక్క కంటితో చూస్తూ. సత్తిరాజు గారు తొట్టి తనదే కాబట్టి కుర్చీ వేసుకుని బయట కూర్చున్నారు.

నేను తొట్టిలో దిగాను. ఆపరేషన్ అయిన కాలు నా చేతిలో ఉండాలి. కాళ్ల మధ్య దిండు ఉంచాలి కదా, తడిస్తే బరువని సమూయేలు థర్మోకోల్ ముక్క కోసి గుడ్డ చుట్టి ఇచ్చాడు. రాహేలమ్మ గారు తెల్లచీర కట్టుకుని దుప్పటి మీద పడుకుని నలుగురి మొహాలూ చూసింది. ఇద్దరు కొడుకులు ఒకే గుడ్డ పట్టుకుని ఉండటం పదకొండేళ్ల తర్వాత చూస్తోంది. నవ్వుతోంది, కళ్ల పక్కనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

మొదటి మాటకు ఎత్తారు. రెండో మాటకు తెచ్చారు. మూడో మాటకు దింపారు. దుప్పటి మునిగింది, ఆవిడ మునిగింది, లేచింది. యేసురత్నం గారు పళ్లు బిగబట్టుకుని చేతులు కదపలేదు. అప్పుడు, జన్మలో గుడిలో గొంతు పెంచని ఇమ్మానుయేలు అయ్యగారు, నలభై ఏళ్లుగా పుస్తకం చూసి ప్రార్థన చదివిన మనిషి, ఆకాశం వైపు చూసి హల్లెలూయ అని అరిచి చెయ్యి పైకెత్తేశారు.

తల వైపు చెంగు జారింది. ఆవిడ తల నీళ్లలోకి పోయింది. నా రెండు చేతులూ కాలి దగ్గర ఉన్నాయి. కాలు వదిలితే తుంటి కీలు తప్పుతుంది.

"అన్నయ్యా, ఆ మూల పట్టు," అన్నాడు సమూయేలు.

దానియేలు తన చెంగు యేసురత్నం గారి చేతిలో పెట్టి, కొత్త ప్యాంటుతో తొట్టిలోకి దూకి, ఆ మూల పట్టుకుని తల్లి తల మోచేతి మీదకు ఎత్తుకున్నాడు. యేసురత్నం గారు రెండు చెంగులూ ఒక్కరే పట్టుకుని గజగజలాడుతున్నారు, వదల్లేదు. నేను లెక్క చెప్పాను, ఈసారి ఒకటి, రెండు, మూడు. అందరం కలిసి ఎత్తి ట్రాలీ మంచం మీదకు చేర్చాం. ఆవిడ దగ్గింది, తుమ్మింది, నీళ్లు ఉమ్మింది. కాలు చూశాను, కీలు చోటునే ఉంది.

ఇమ్మానుయేలు అయ్యగారు తెల్లంగీ తడిసి పీట మీద కూలబడి క్షమించమంటున్నారు. పర్లేదండీ, నాకు తెలుసు ఆ బాధ అని యేసురత్నం గారు ఆయన వీపు నిమురుతున్నారు. ఇంతలో చీరలు పట్టుకున్న వాళ్లలో ఎవరో, ఆవిడ రెండుసార్లు మునిగింది కదా, ఏది లెక్క అని అడిగారు. వెంటనే మూడు అభిప్రాయాలు లేచాయి. అవి ముదిరేలోపు బయటి నుంచి సత్తిరాజు గారు నిండు గొంతుతో ఆమెన్ అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ మాట అక్కడితో ఆగింది.

నేను రాహేలమ్మ గారి జుట్టు తుడుస్తున్నాను. ఆవిడ అయ్యగార్లిద్దరినీ దగ్గరికి రమ్మంది.

"ఇప్పుడు రెండింట్లోకీ ఎల్లొచ్చా అయ్యగారూ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆలోచించుకోలేదు. ఒకేసారి చెప్పారు.

"ఉన్నది ఒకటేనమ్మా."

ఆవిడ ఇద్దరినీ కాసేపు చూసింది. తర్వాత తడిబట్టలతో వణుకుతూ ఒకరి పక్కన ఒకరు నిలబడ్డ కొడుకులను చూసింది.

"ఆ ముక్కేదో ముందే చెబితే, నేనింత తడిసేదాన్ని కాదు కదండీ."

పొడి దుప్పటి కావాలన్నాను. అన్నదమ్ములిద్దరూ వార్డు వైపు పరుగెత్తారు.